అరగంటలో ఆరోగ్యకరమైన కూర



పంటను పండించుటతో రైతు పని ముగిసినదని మనము తలచుచుందుము. ఎరువు, నీరు, తెగులు, ధర, వీనిని గురించి ఎంతో ఆలోచింతుము. కాని పండిన కూర మన పళ్లెములోనికి వచ్చుసరికి అందులో ఎంత సారము మిగిలినదో ఆలోచించుట అరుదు. చేనిలో మంచి ఎరువు వేసి పెంచిన ఆకుకూరను వంటింట్లో తరిగి, నానబెట్టి, ఉడికించి, ఆ నీటిని వార్చి పారబోసినచో మన శ్రమలో కొంత భాగము తూములోనికి పోయినట్లే.

ఇది చిన్న విషయము కాదు. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో రక్తహీనత కలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో నూటికి 57.6 మంది. అయిదేండ్లలోపు పిల్లలలో ఈ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 63.2, తెలంగాణలో 70. అనగా నాట్లు వేయు చేతులు, కలుపు తీయు చేతులు, పత్తి ఏరు చేతులు సగమునకు పైగా తగినంత రక్తము లేనివే. త్వరగా ఆయాసము, కాళ్ల నొప్పులు, కళ్లు తిరుగుట, పనిలో నీరసము దీని గుర్తులు. దీనికి కారణములు అనేకము గలవు. వానిలో మన చేతిలోనే ఉన్నది దినసరి భోజనము.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారము పెద్దవారు ఒక్కొక్కరు రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినవలెను. ఇందులో 100 గ్రాములు ఆకుకూరలుగా ఉండవలెను. మన పల్లెలలో చాల ఇండ్లలో ఉదయపు భోజనము అన్నము, పచ్చడి, చారుతో ముగియుచున్నది. కూరగాయలు పండించు ఇండ్లలో సైతము కాయలు గంపలకెత్తి సంతకు పంపి, ఇంటివారు ఆవకాయతో సరిపెట్టుకొనుట కలదు. “తెల్లవారగానే కూలికి, పొలమునకు పోవలెను, కూర వండుటకు తీరిక ఎక్కడిది?” అని అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుచేత ఎక్కువ తీరిక అవసరము లేకుండ, అరగంటలో ముగియునట్టి ఒక కూరను, దాని వెనుకనున్న కారణములను ఇక్కడ వివరించుచున్నాను. త్వరగా వండుట తీరిక లేనివారి సర్దుబాటు మాత్రమే కాదు. ఆకుకూర విషయములో త్వరగా వండినదే మేలైన కూర.

సారము ఎచ్చట పోవుచున్నది?

ఆకుకూరలలో ఇనుము, సున్నము, ఎ విటమినుగా మారు కెరోటిన్, సి విటమిను, ఫోలిక్ ఆమ్లము ముఖ్యమైనవి. ఇవన్నియు ఒకే విధముగా నశించవు.

సి విటమిను, ఫోలిక్ ఆమ్లము నీటిలో కరుగును, వేడికి చెడును. సి విటమిను గాలి తగిలినను చెడును. ఆకును తరిగిన కొలది గాలికి, నీటికి తగులు అంచులు పెరుగును. కనుక తరిగిన తరువాత కడిగినచో, తరిగి చాలసేపు ఉంచినచో, ఎక్కువసేపు ఉడికించినచో వీనికి నష్టము కలుగును. ఇనుము, సున్నము వేడికి చెడవు. కాని ఉడికించిన నీటిలోనికి కొంత దిగును. ఆ నీటిని వార్చి పారబోసినచో అవియు పోవును. కెరోటిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగును. దానిని శరీరము గ్రహించుటకు కూరలో కొద్దిగానైనను నూనె ఉండవలెను. నూనె లేకుండ ఉడికించిన ఆకుకూర చప్పగా ఉండుటయే గాక, దాని కెరోటిన్ మనకు తక్కువగా దక్కును.

ఆకుకూరలోని ఇనుమును మన శరీరము అంత సులభముగా గ్రహించలేదు. పక్కనే సి విటమిను ఉన్నప్పుడు బాగుగా గ్రహించును. కూర దింపిన తరువాత నిమ్మకాయ పిండవలెనని చెప్పుట అందుకే. ఇందుకు విరుద్ధముగా, భోజనము కాగానే త్రాగిన టీ, కాఫీ ఇనుమును అందనీయకుండ అడ్డుపడును. టీ అలవాటున్నవారు భోజనమునకు ఒక గంట ముందుగాని, ఒక గంట తరువాతగాని త్రాగుట మంచిది.

తోటకూర – పెసరపప్పు కూర

తోటకూర అన్ని కాలములలో, అన్ని జిల్లాలలో దొరకును. పెసరపప్పు మిగిలిన పప్పులకన్న త్వరగా ఉడుకును, తేలికగా అరుగును. అన్నములోని మాంసకృత్తులలో గల లోటును పప్పు పూరించును. పప్పులోని లోటును అన్నము పూరించును. ఈ రెండును కలసిన భోజనము ఒంటరిగా తిన్న అన్నముకన్న మేలు.

అయిదుగురు గల కుటుంబమునకు కావలసినవి:

తోటకూర (వేళ్లు, ముదురు కాడలు తీసివేసిన తరువాత) – 500 గ్రాములు
పెసరపప్పు – 100 గ్రాములు
ఉల్లిపాయ – పెద్దది 1
పచ్చిమిరపకాయలు – 4
వెల్లుల్లి – 5 రెబ్బలు
నూనె – 2 పెద్ద చెంచాలు
ఆవాలు, జీలకర్ర – అర చెంచా చొప్పున
ఎండుమిరపకాయ – 1, కరివేపాకు – 1 రెబ్బ
పసుపు – పావు చెంచా
అయోడిన్ కలిపిన ఉప్పు – చిన్న చెంచాడు
నిమ్మకాయ – 1

వండు విధము:

1. పెసరపప్పును కడిగి, ఒక గ్లాసు మంచినీటిలో అరగంట నానవేయవలెను. ఇంటిలో మిగిలిన పనులు జరుగుచుండగా ఇది నానుచుండును. నానిన నీటిని పారబోయరాదు, కూరలో వాడవలెను.

2. తోటకూరను తరుగక ముందే కడుగవలెను. వెడల్పు గిన్నెలో నీరు పోసి, ఆకును ముంచి కదిలించి, చేతులతో పైకి తీసి వేరొక గిన్నెలో వేయవలెను. ఇసుక, మన్ను అడుగున నిలుచును. గిన్నెను వంచి నీటిని పారబోసినచో అడుగున నిలిచిన ఇసుక మరల ఆకునకే అంటును. ఈ విధముగా నీరు మార్చి మూడుసార్లు కడుగవలెను.

3. ఇనుప మూకుడు పొయ్యిమీద పెట్టి నూనె కాచి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, చిదిమిన వెల్లుల్లి, కరివేపాకు వేసి తాలింపు పెట్టవలెను. ఆవాలు చిటపటలాడిన తరువాత ఉల్లిపాయ ముక్కలు, నిలువుగా చీల్చిన పచ్చిమిరపకాయలు, పసుపు వేసి రెండు నిమిషములు వేపవలెను. మిరపకాయను చీలికలుగా వేసినచో చిన్నపిల్లలకు పెట్టునప్పుడు ఏరివేయుట సులభము.

4. నానిన పప్పును నీటితో సహా వేసి మూతపెట్టి, ఎనిమిది పది నిమిషములు సన్నని సెగపై ఉడికించవలెను. మూకుడుపై లోతైన పళ్లెము బోర్లించక వెల్లకిల పెట్టి, అందులో కొద్దిగా నీరు పోయుట మన పెద్దల అలవాటు. లోపలి ఆవిరి చల్లని పళ్లెమునకు తగిలి నీరై మరల కూరలో పడును. కూర అడుగంటదు. పైనున్న నీరు వేడెక్కి, కావలసినప్పుడు కూరలో చిలకరించుటకు పనికివచ్చును.

5. పప్పు ఉడుకుచుండగనే తోటకూరను తరుగవలెను. లేత కాడలను వేరుగా, ఆకును వేరుగా ఉంచవలెను. మరీ సన్నగా తరుగ నవసరము లేదు.

6. పప్పు గింజ వేళ్లతో నొక్కిన చితుకవలెను గాని ముద్ద కారాదు. ఆ పదునులో ముందు కాడలు వేసి రెండు నిమిషములు, పిమ్మట ఆకు వేసి నాలుగైదు నిమిషములు మూతపెట్టి మగ్గనీయవలెను. ఆకులోనే నీరున్నది, వేరుగా నీరు పోయరాదు.

7. చివర ఉప్పు వేసి కలిపి, మూత తీసి ఒక నిమిషము ఉంచి దింపవలెను. అయోడిన్ ఉప్పును చివర వేయుటయే మంచిది. ఆకుకూర మగ్గి తగ్గిపోవును గనుక ఉప్పు ముందుగా, ఆకు రాశిని చూచి వేసినవారికి కూర తరచుగా ఉప్పగా అగును.

8. కూరను వెంటనే స్టీలు గిన్నెలోనికి మార్చి, వేడి కొద్దిగా తగ్గిన తరువాత నిమ్మరసము పిండవలెను. ఇనుప మూకుడులో వండుటవలన కూరలోనికి కొంత ఇనుము చేరును; అది మేలే. కాని కూరను అందులోనే నిలువ ఉంచినచో నల్లబడి రుచి చెడును.

తాలింపు పెట్టినది మొదలు దింపువరకు ఇరువది అయిదు నిమిషములకు మించదు. అదే సమయములో రెండవ పొయ్యిమీద అన్నము ఉడుకును.

చేయరాని పనులు

ఆకు పచ్చగా కనబడవలెనని కొందరు వంటసోడా వేయుదురు. సోడావలన రంగు నిలుచును గాని సి విటమిను, బి1 విటమిను నశించును. రంగు కొద్దిగా మాసినను సోడా వేయని కూరయే మంచిది.

పొద్దుటి తొందర తగ్గించుటకు రాత్రియే కూర తరిగి ఉంచుట మరియొక అలవాటు. దానికి బదులు రాత్రి ఆకు వలిచి, కడిగి, నీరు కారిన తరువాత తడిగుడ్డలో తరుగకుండ చుట్టి చల్లని చోట ఉంచవలెను. తెల్లవారిన పిమ్మట తరుగుటకు అయిదు నిమిషములు చాలును. సాయంకాలము పొలము నుండి వచ్చునప్పుడు ఆకు కోసి తెచ్చుట, అరుగుమీద కూర్చుండి వలుచుట మగవారికి తగని పనులు కావు. ఇంటి యజమాని ఆ పదిహేను నిమిషములు సాయపడినచో, ఉదయము కూర వండుటకు తీరిక లేదను మాట చాలవరకు తీరును.

ఆకుకూరలు వండిన తరువాత నిలువకు పనికిరావు. ఉదయము వండినది పొలమునకు తీసికొనిపోయినచో నీడలో ఉంచి మధ్యాహ్నములోగా తినవలెను. వేసవిలో రాత్రికి మిగుల్చుకొని మరల వేడిచేయుట మంచిది కాదు. ఏ పూటకు తగినంత ఆ పూటకే వండుకొనవలెను.

ఇతర కూరగాయలకు ఇదే పద్ధతి

ఈ కూర ఒక్క తోటకూరకే పరిమితము కాదు. పాలకూర, మెంతికూర, పొన్నగంటి కూర, మునగాకు వీనితో ఇదే విధముగా వండవచ్చును. ఆషాఢములో మునగాకు తినుట మన ఆచారము. ఆ ఆచారమును మిగిలిన నెలలకును విస్తరించినచో మేలు. మునగాకును రెమ్మల నుండి దూసి, లేత ఆకునే తీసికొనవలెను. గోంగూరలో పులుపు కలదు గనుక దానికి నిమ్మకాయ అవసరము లేదు. దానిని పప్పు బాగుగా ఉడికిన తరువాతనే వేయవలెను. పులుపు ముందు తగిలినచో పప్పు ఉడుకదు.

బీర, పొట్ల, సొర ముక్కలు ఎనిమిది పది నిమిషములలో మగ్గును. వీనిలో నీరు అధికము. చిలకరించు నీరు సైతము అవసరముండదు. బీర తొక్కును పారవేయక పచ్చడికి వాడవలెను. సొరకాయను కోయగనే చిన్న ముక్కను నాలుకపై ఉంచి రుచి చూడవలెను. చేదుగా ఉన్నచో కాయనంతటిని పారవేయవలెను. చేదు సొరకాయలో విషపదార్థము కలదు. వండినను అది పోదు, తిన్నవారికి తీవ్రమైన వాంతులు, విరేచనములు కలుగును. గోరుచిక్కుడు, చిక్కుడు వంటివి ఉడుకుటకు పదిహేను ఇరువది నిమిషములు పట్టును. వానిని పప్పుతోపాటే వేయవచ్చును.

చేను నుండి వంటింటికి వచ్చు విషము

ఇంతవరకు సారము పోకుండ చూచుకొను విధమును చెప్పితిని. ఇంతకన్న ముఖ్యమైనది విషము రాకుండ చూచుకొనుట.

తోటకూర, గునుగు, చెంచలి, గంగవాయిలి మొదలైనవి మన పాఠ్యపుస్తకములలో కలుపు మొక్కలు. వంటింటిలో ఇవి మంచి ఆకుకూరలు. జహీరాబాదు ప్రాంతపు మహిళా రైతులు చేలలో తమంతట మొలచిన అనేక రకముల ఆకుకూరలను గుర్తించి ఏరి వండుకొందురు. ఇది మెచ్చదగిన అలవాటు. అయితే మందులు కొట్టని మెట్టచేలలో ఇది ఎంత మంచిదో, మందులు కొట్టిన పత్తి, మిరప చేలలో అంత ప్రమాదము. పైరుపై కొట్టిన మందు సాళ్ల మధ్యనున్న తోటకూరపైనను పడును. గట్లపై కలుపు మందు కొట్టినచో అచ్చటి ఆకునకును అంటును. కలుపు తీయుటకు వచ్చిన కూలీలకు మందు కొట్టిన దినము తెలియదు. ఒడినిండ కూర కోసికొని ఇంటికి పోయి పిల్లలకు వండిపెట్టుదురు. కనుక మందు కొట్టిన రైతు ఆ సంగతిని కూలికి వచ్చినవారికి స్పష్టముగా చెప్పవలెను. అది అతని ధర్మము. పత్తి, మిరప సాళ్లలోని ఆకును కూరకు వాడకుండుటయే క్షేమము.

కూరగాయ తోటలో మందు కొట్టిన తరువాత కోతకు ఎన్ని దినములు ఆగవలెనో డబ్బాతో వచ్చు కాగితముపై వ్రాసియుండును. ఆ గడువు సంతకు పంపు కాయలకు ఎంత వర్తించునో ఇంటికి వాడు కాయలకును అంతే వర్తించును. డబ్బాపై త్రికోణపు గుర్తు ఎరుపు రంగులో ఉన్నచో అత్యంత విషపూరితము. తరువాత క్రమముగా పసుపు, నీలము, ఆకుపచ్చ. ఆకుపచ్చ గుర్తున్నదియు విషమే. తీవ్రత మాత్రము తక్కువ. కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడకమును మన ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. ఆకుపై అంటియున్న మందు కడుగుటవలన కొంత తగ్గును. మొక్కలోనికి ప్రాకు మందు ఉప్పునీటిలో కడిగినను, ఉడికించినను పూర్తిగా పోదు. గడువు పాటించుట తప్ప దీనికి వేరొక ఉపాయము లేదు.

ఇంటి వెనుక నాలుగు మడులు

ఇన్ని చిక్కులు లేకుండ ఉండవలెనన్నచో ఇంటి కూర ఇంటి వెనుకనే పెంచుకొనవలెను. అయిదుగురికి రోజుకు 100 గ్రాముల చొప్పున ఆకుకూర కావలెనన్నచో వారమునకు మూడున్నర కిలోలు అగును. నాలుగు చదరపు మీటర్ల మడిలో తోటకూర బాగుగా పెరిగినచో ఇంచుమించు అంత వచ్చును. ఇట్టి మడులు నాలుగు చేసి, వారమునకొక మడి చొప్పున విత్తవలెను. తోటకూర 25 నుండి 30 దినములలో పీకుటకు వచ్చును. నాలుగవ మడి విత్తిన కొలది దినములకే మొదటి మడి కూరకు సిద్ధమగును. పీకిన మడిని మరల త్రవ్వి, బాగుగా మాగిన పశువుల ఎరువు వేసి విత్తవలెను. ఒకే ఆకు విసుగు కలిగించకుండ పాలకూర, మెంతి, గోంగూరలను మార్చి మార్చి వేయవచ్చును.

విత్తనము చాల సన్నము గనుక చిటికెడు విత్తనమునకు గుప్పెడు ఇసుక కలిపి చల్లి, పైపైన మన్ను కప్పవలెను. స్నానము చేసిన సబ్బు నీటిని కాక, బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీటిని మడులకు మళ్లించవచ్చును. పెరటి మూలలో ఒక మునగ, ఒక కరివేపాకు, ఒక నిమ్మ చెట్టు ఉన్నచో పైన చెప్పిన కూరకు కావలసినవాటిలో చాలవరకు ఇంటనే దొరకును.

ఒక హెచ్చరిక

ఈ కూర మందు కాదు, ఆహారము. గర్భిణులు, బాలింతలు, ఎదుగు వయస్సు బాలికలు ఆరోగ్య కేంద్రములో ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలను కూర తినుచున్నామని మానరాదు. నీరసము, ఆయాసము అధికముగా ఉన్నవారు రక్తపరీక్ష చేయించుకొనవలెను. మాత్ర అవసరమున్నవారికి మాత్ర ఇచ్చుచు, ఇంటిల్లిపాదికి ప్రతిదినము కూర పెట్టుటయే సరియైన మార్గము.

మరియొక మాట. మన ఇండ్లలో ఇల్లాలు అందరికి వడ్డించి చివర తినును. అప్పటికి మూకుడు అడుగున తాలింపు మాత్రమే మిగులును. పెద్దవారిలో రక్తహీనత ఎక్కువగా ఉన్నది ఆమెకే. అయిదుగురికి వండిన కూరను వడ్డించుటకు ముందే అయిదు భాగములుగా చూచుకొని, ఆమె భాగమును వేరుగా తీసి ఉంచవలెను. దీనికి ఖర్చు లేదు, కాలము పట్టదు.

ఈ వారమే ఒక మడి త్రవ్వి విత్తుడు. అది కోతకు వచ్చువరకు మందు కొట్టని తోటలోని ఆకును తెచ్చి, పైన చెప్పిన విధముగా ఒకసారి వండి చూడుడు. కడిగి తరుగుట, మూతపెట్టి మగ్గించుట, నీరు పారబోయకుండుట, దింపి నిమ్మకాయ పిండుట, ఈ నాలుగును అలవాటైనచో మీరు పండించినది మీకు దక్కును.